కొత్త పిక్‌అప్ కింద తుప్పు: ఎప్పుడు భయపడాలి, ఎవరిని అడగాలి

చాలామంది యజమానులు తమ పిక్‌అప్ అడుగుభాగాన్ని మొదటిసారి చూసేది సర్వీసింగులో బండి ర్యాంపు ఎక్కినప్పుడే. పైన తెల్ల రంగు మెరుస్తూ ఉంటుంది. కింద కుదుపులు ఆపే కమాన్ పట్టీల మీద, వెనుక ఇరుసును మూసి ఉంచే హౌసింగ్ మీద, బండి బరువంతా మోసే చట్టం, అంటే ఛాసిస్, అతుకుల దగ్గర మాత్రం ఎర్రటి చిలుము. వాయిదాలు ఇంకా ఏళ్ల తరబడి కట్టాల్సి ఉంటుంది. పాత బండికి రంగేసి అంటగట్టారా అన్న అనుమానం అక్కడే పుడుతుంది. షోరూం వాళ్లను అడిగితే ‘ఇది మామూలే’ అంటారు. పక్కనున్న మెకానిక్ ‘కాలిన ఆయిల్ కొట్టిద్దాం, సరిపోతుంది’ అంటాడు. తోటి డ్రైవరేమో ‘నల్లగొండ నీళ్లు అలాంటివి, ఫ్లోరైడ్ ఇనుమును తినేస్తుంది’ అని తేల్చేస్తాడు.

మొదటి మాట సగం నిజం, రెండోది హానికరం, మూడోది వట్టి అపోహ.

అసలు చిక్కు వేరే ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ సముద్రానికి దూరంగా ఉన్న జిల్లాలు. ఏడాదిలో ఎక్కువ నెలలు పొడి గాలే వీస్తుంది. వాతావరణం లోహాన్ని ఎంత వేగంగా తింటుందో తరగతులుగా విభజించిన ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. కాలుష్యం తక్కువగా ఉన్న పల్లె వాతావరణంలో రంగు లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో మహా అయితే 25 మైక్రాన్ల మందం కోల్పోతుందని దాని అంచనా. ఉప్పుగాలి బాగా తగిలే తీర ప్రాంతాల్లో అదే ఉక్కు 80 నుంచి 200 మైక్రాన్లు కోల్పోవచ్చు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పల్లె గాలి ఒక్కటే పనిచేస్తే ఒక మిల్లీమీటరు ఉక్కు తరగడానికి కనీసం 40 ఏళ్లు పడుతుంది. ఏడాది నిండని బండి కింద పొరలు లేచేంత తుప్పు కనిపించిందంటే దాన్ని మన గాలి తేలేదు. అందులో ఎక్కించిన సరుకో, దాన్ని కడిగిన తీరో, కొనకముందు అది నిలబడ్డ చోటో తెచ్చి ఉండాలి.

తుప్పు పట్టడమంటే ఉక్కు మీద చిన్న బ్యాటరీ పనిచేయడమే. ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. ఆ పక్కనే మరో చోట నీటిలోని ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఈ రెండు చోట్లనూ కలిపేది పలుచటి నీటి పొర. నీటిలో లవణాలు కరిగి ఉంటే కరెంటు మరింత సులువుగా పారుతుంది. వాటిలో క్లోరైడ్ మరీ మొండిది. పైనున్న పొరలోకి చొచ్చుకుపోయి, కింద ఇనుమును మళ్లీ మళ్లీ నీటికి అప్పగిస్తుంది. నీటి పొర ఆరితే పని ఆగిపోతుంది. అందుకే బండి కొని ఎన్ని నెలలైందన్న లెక్క తుప్పుకు పట్టదు. దాని అడుగుభాగం ఎన్ని గంటలు తడిగా గడిపిందన్నదే అసలు లెక్క. ఈ రంగంలో పరిశోధకులు కూడా ‘తడి సమయం’ అనే పేరుతో దీన్నే కొలుస్తారు.

పైనుంచి కారేదే ఎక్కువ

కింది తుప్పు రోడ్డు మీది నీళ్ల వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర మాత్రం అది ఎక్కువగా లోడు బాడీ నుంచి దిగుతుంది.

వానాకాలం సాగు మొదలయ్యాక మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, నాగర్‌కర్నూల్ దారుల్లో పిక్‌అప్‌లకు ఎరువుల కిరాయిలే ఎక్కువ. ఆ సంచుల్లో ముందుగా అనుమానించాల్సింది పొటాష్‌ను. రైతులు వాడే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. దాని బరువులో సగానికి కొంచెం తక్కువ క్లోరిన్ ఉంటుంది. తీరంలో సముద్రపు ఉప్పు బండికి ఎంత చేటు చేస్తుందో, ఇక్కడ రాలిన పొటాష్ అంత చేటూ చేయగలదు. యూరియా ఒంటరిగా అంతగా కొరకదు, కాని నీటిని పిలుచుకొస్తుంది. దాదాపు 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 75 శాతానికి చేరితే అది గాలిలోని నీటిని పీల్చుకుని తనంతట తానే కరుగుతుంది. రెండు రకాల ఎరువులు కలిసిన చోట అంతకన్నా తక్కువ తేమకే జిగటగా మారుతాయి. చిరిగిన సంచి నుంచి రాలిన గుప్పెడు గుళికలు బాడీ సందుల్లోంచి జారి ఛాసిస్ పై అంచు మీద కూర్చుంటాయి. తెల్లవారుజామున చెమ్మకు కరిగి, మధ్యాహ్నం ఎండి, మళ్లీ రాత్రికి కరుగుతాయి. చినుకు పడకపోయినా ఆ రెండంగుళాల చోటు రోజులో సగం తడిగానే ఉంటుంది.

గొర్రెలు, పశువులు మోసే బండ్ల సంగతి ఇంకా కష్టం. పెబ్బేరు సంతకో మరో సంతకో నిండుగా జీవాలను ఎక్కించుకుని వెళ్లే పిక్‌అప్‌లో కింద పరిచిన గడ్డి మూత్రాన్ని పీల్చుకుని గంటల తరబడి పట్టి ఉంచుతుంది. మూత్రంలో క్లోరైడ్లు ఉంటాయి, యూరియా కూడా ఉంటుంది. ఆ యూరియా కుళ్లి అమోనియా అవుతుంది. లోడు దించాక గడ్డి తీసి పారేస్తారు గాని, అది అప్పటికే కిందికి పంపిన ద్రవాన్ని ఎవరూ చూడరు. నాగార్జునసాగర్, డిండి వైపు నుంచి చేపలు మోసే బండ్లలో కరిగే ఐసు ఇదే పని చేస్తుంది. ఐసు నీళ్లలో లవణం తక్కువే అయినా, ప్రయాణం పొడవునా చుక్కలు ఆగవు.

ఇక బురద. దమ్ము చేసిన పొలాల పక్క దారిలో వెళ్లినప్పుడు ఎగిరిన బురద ఛాసిస్ మూలల్లో, చక్రాల పైభాగంలో, కమాన్ బ్రాకెట్ల వెనుక ముద్దగా పేరుకుంటుంది. పైపైన రెండు రోజుల్లో ఎండుతుంది, లోపల వారమైనా చెమ్మ పోదు. చెలక నేలల ఎర్రమట్టి అయితే తుప్పును కప్పిపెడుతుంది కూడా. మట్టి ఏదో తుప్పు ఏదో కంటికి తెలియదు. తడిగుడ్డతో గట్టిగా తుడిచి చూడాలి: మట్టి గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది, తుప్పు మరక ఇనుము మీదే మిగులుతుంది.

హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు మోసే బండ్లలో కథ మరో రకం. సిమెంటు క్షారగుణం ఉక్కుకు మంచిదే, కాంక్రీటులో చువ్వలు తుప్పు పట్టకుండా ఉండేది అందుకే. అయితే బండి కింద గట్టిపడిన సిమెంటు పొర కుదుపులకు చిట్లి, ఆ చిట్లిన సందుల్లో నీటిని నిల్వ చేస్తుంది. కింద ఏం జరుగుతోందో కనబడనివ్వదు కూడా.

ఫ్లోరైడ్ మీద మోపిన నిందను ఇక్కడే తేల్చేద్దాం. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వంటి మండలాలు ఫ్లోరైడ్ వల్ల ఎంత నరకం చూశాయో అందరికీ తెలుసు. నీటిలో ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. కాని తాగునీటిలో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దాన్ని రెండు మూడు రెట్లు దాటినా మనిషి ఎముకలకు చేటే తప్ప ఛాసిస్‌కు లెక్కలోకి రాదు. క్లోరైడ్‌కు అదే తాగునీటి ప్రమాణం 250 మిల్లీగ్రాములు, మరో నీటి వనరు లేకపోతే 1000 దాకా ఒప్పుకుంటుంది. బండి కడిగే బోరు నీటిలో చూడాల్సింది ఈ క్లోరైడ్‌నూ, మొత్తం కరిగిన లవణాలనూ. లవణాలు లీటరుకు 1000 మిల్లీగ్రాములున్న నీరు సందుల్లో ఒక లీటరు ఆరిపోతే ఒక గ్రాము ఉప్పు అక్కడే మిగులుతుంది. తరచూ ఉప్పు బోరు నీళ్లతో కడిగించి, సాయంత్రం అలాగే చెట్టు కింద నిలబెడితే ఆ కడగడం మేలు కంటే కీడే చేస్తుంది. కడగాల్సింది పొద్దునే. ఆ వెంటనే బండిని కిరాయికి తీస్తే గాలికి, ఇంజిను వేడికి అడుగుభాగం గంటలో ఆరుతుంది.

‘ఇది మామూలే’ ఎంతవరకు మామూలు

పిక్‌అప్‌లో క్యాబిన్‌కూ, ఛాసిస్‌కూ, ఇరుసుకూ ఒకే రకం రక్షణ ఉండదు. క్యాబిన్ షీటును పూర్తిగా రంగు ద్రావణంలో ముంచి, కరెంటు సాయంతో సుమారు 20 మైక్రాన్ల ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే తొలి పూత, పట్టిస్తారు. అది మూలమూలకూ చేరుతుంది. ఛాసిస్ విడి నిచ్చెనలా తయారవుతుంది, దాని రంగు నాణ్యత ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. కమాన్ పట్టీలు ఒకదానిమీదొకటి రాసుకుంటాయి కాబట్టి వాటి అంచుల్లో రంగు నిలవదు. బ్రేకు డ్రమ్ములు, డిస్కులు రంగు వేయని పోత ఇనుము. రాత్రి వాన పడితే పొద్దునకు డిస్కు ఎర్రబడుతుంది, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. హౌసింగ్ మీద, షాఫ్టు మీద పలుచటి ఎర్ర పొడి, బోల్టు తలల మీద మరకలు కూడా ఇదే కోవకు వస్తాయి. వీటి గురించి షోరూం వాళ్లు చెప్పేది నిజమే. ఈ భాగాలు మందంగా ఉంటాయి, పైపై తుప్పు వాటి బలాన్ని తగ్గించదు.

వెల్డింగ్ అతుకుల దగ్గర మాత్రం మాట మారాలి. వెల్డింగ్ చేసినప్పుడు అతుకు మీద గాజులాంటి చిన్న చిన్న మచ్చలు మిగులుతాయి. వాటికి రంగు సరిగా పట్టదు. పదునైన అంచుల మీద కూడా రంగు పలుచబడుతుంది. అందుకే కొత్త ఛాసిస్‌లో తుప్పు మొదట బయటపడేది అతుకు గీతల వెంట, అంచుల వెంట. గీతంత పలుచగా ఉంటే శుభ్రం చేసి రంగు వేస్తే ఆగుతుంది. రంగు బుడగలుగా లేచి, గోటితో గీస్తే పెచ్చులుగా రాలి, కింద గుంటలు కనిపిస్తే దాన్ని మామూలు అనడానికి లేదు. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. చుట్టూ ఉన్న రంగును ఎత్తేది ఆ ఒత్తిడే.

ముందు చూడాల్సిన చోటు ఏదని అడిగితే నా జవాబు ఛాసిస్ కాదు, బ్రేకు పైపు. వెనుక ఇరుసు వెంట వెళ్లే ఆ సన్నటి ఉక్కు గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. క్లిప్పుల కింద బురద పట్టి అక్కడే గుంటలు పడతాయి. తర్వాత వెనుక కమాన్ హ్యాంగర్ బ్రాకెట్లు, అడ్డ పట్టీలు ఛాసిస్‌కు కలిసే మూలలు, డీజిల్ ట్యాంకును పట్టి ఉంచే బెల్టులు, పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ లోపలి భాగం. పెట్టె లోపల చూడటానికి నీరు పోయే రంధ్రాల్లోంచి ఫోను టార్చి వేస్తే చాలు. చిన్న సుత్తితో తడుతూ వెళ్తే మంచి ఉక్కు ఖంగుమంటుంది, తినేసిన చోట శబ్దం మందగిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కినప్పుడు లోపలికి దిగితే ఆ బండి మీద ఇక ఒక్క లోడు కూడా వేయకూడదు.

తప్పు ఎవరిది

చాలా వారంటీ పుస్తకాల్లో రెండు రకాల తుప్పు విడివిడిగా ఉంటాయి. షీటు లోపలి నుంచి తినేసి రంధ్రం పడటం ఒకటి, పైపై తుప్పు రెండోది. దీర్ఘకాల హామీ సాధారణంగా మొదటిదానికే. రసాయనాలు, ఎరువులు, ఉప్పు, పశువుల వ్యర్థాల వల్ల వచ్చిన తుప్పును మినహాయించే వాక్యాలు కూడా ఉంటాయి. కొన్న రోజునే బండిని, వెనుక గ్రిల్లు, యాంగిళ్లు, అదనపు కమాన్లు బిగించడానికి తీసుకెళ్లడం మన దగ్గర పరిపాటి. బాడీ షాపులో వేసిన ప్రతి వెల్డింగు అవతలి వైపు రంగును కాల్చేస్తుంది. గ్రైండరు నిప్పురవ్వలు చుట్టుపక్కల రంగులో గుచ్చుకుని చుక్కలు చుక్కలుగా తుప్పవుతాయి. వారంటీ అడిగినప్పుడు కంపెనీ మొదట చూపించేది ఆ వెల్డింగులనే. అందులో వాళ్లను తప్పుపట్టలేం.

అయినా కొన్ని గుర్తులు తప్పు అవతలి వైపుందని చెబుతాయి. సరుకు కారే అవకాశమే లేని ముందు భాగంలో, రేడియేటరు కింద అడ్డ పట్టీ మీద, పగలని రంగు కింద నుంచి బుడగలు లేస్తే అది రంగు లోపమో, ఎక్కువకాలం ఆరుబయట యార్డులో నిలబడ్డ ఫలితమో కావచ్చు. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. దానికీ ఇన్‌వాయిస్ తేదీకీ మధ్య ఒక వానాకాలం గడిచిపోయి ఉంటే గట్టిగా ప్రశ్నించాల్సిందే. కొద్దిగా వాడిన బండిని మరొకరి దగ్గర కొన్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, సూర్యాపేట జిల్లాలను వరదలు ముంచాయి. నీట మునిగిన బండిని పైన ఎంత తుడిచినా సీటు పట్టాల అడుగున తుప్పు, పూర్తిగా లాగిన సీటు బెల్టు మీద నీటి గీత, ఫ్యూజు పెట్టె మూలల్లో ఒండ్రు మిగిలిపోతాయి.

అనుమానం బలంగా ఉంటే తుప్పును గోకించకముందే, ఏ కోటింగూ కొట్టించకముందే ఫోటోలు తీయాలి. కిలోమీటరు రీడింగు కనిపించేలా కూడా ఒకటి ఉండాలి. సర్వీసు సెంటరులో ఫిర్యాదును జాబ్ కార్డు మీద రాయించాలి. నోటిమాటగా చెప్పించుకుని ఇంటికి వచ్చేవారే ఎక్కువ, తర్వాత నిరూపించలేక అవస్థ పడేదీ వాళ్లే. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. షోరూం హైదరాబాద్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. 50 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. బండికి చెల్లించిన ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే రుసుము 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే 400. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ‘ఇది వ్యాపారానికి కొన్న బండి, మీరు వినియోగదారులు కారు’ అని అవతలివారు వాదించవచ్చు. బతుకుతెరువు కోసం కొని తానే నడుపుకునేవారు వినియోగదారులే. చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. 1995లో సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో ఈ సూత్రాన్ని వివరిస్తూ, తానే నడుపుకునేందుకు ఆటో, ట్రక్కు కొన్నవారిని ఉదాహరణగా చెప్పింది. పది బండ్లు తిప్పే ట్రాన్స్‌పోర్టు యజమానికి ఇది వర్తించడం కష్టం.

కాలిన ఆయిల్ వద్దు

వాటర్ సర్వీసింగ్ అయ్యాక డీజిలులో కలిపిన కాలిన ఆయిల్‌ను కింద చిమ్మడం పాత అలవాటు. చూడటానికి నల్లగా నిగనిగలాడుతుంది కాబట్టి పనిచేసినట్టే ఉంటుంది. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో దహనం వల్ల పుట్టిన ఆమ్లాలు, నీటి అంశం, లోహపు పొడి ఉంటాయి. రబ్బరు బుష్‌లను అది ఉబ్బిస్తుంది, బ్రేకు లైనింగ్ మీద పడితే ప్రమాదం. అన్నిటికన్నా ముఖ్యంగా దుమ్మును పట్టుకుని ముద్ద చేస్తుంది, ఆ ముద్ద మళ్లీ చెమ్మను దాచుకుంటుంది. తుప్పు మీదే నేరుగా కొట్టే మందపాటి రబ్బరు లేదా తారు కోటింగ్ ఇంకా మోసకారి. అంచు ఒక చోట లేచిందంటే నీరు లోపలికి వెళ్లి బయటికి రాదు. రెండేళ్లు పైన నున్నగా కనిపిస్తూనే లోపల తినేస్తుంది. కొత్తగా, శుభ్రంగా ఉన్న ఉక్కు మీద అదే కోటింగ్ బాగానే పనిచేస్తుంది, కాబట్టి డెలివరీ రోజున వేయించుకున్నవారు కంగారు పడనక్కరలేదు.

సరైన పనికి ఓపిక కావాలి, ఖర్చు అంత కాదు. ముందు మట్టి ముద్దలను చెక్క పుల్లతో ఊడదీసి, లవణం తక్కువగా ఉన్న నీటితో నెమ్మదిగా కడగాలి. వాన నీరు, కాలువ నీరు ఉప్పు బోరు కంటే మేలు. జెట్ గన్‌ను మరీ దగ్గర పెడితే బలహీనంగా ఉన్న రంగు లేచిపోతుంది, బేరింగుల్లోకి, వైరు కనెక్టర్లలోకి నీరు దూరుతుంది. పూర్తిగా ఆరాక వైరు బ్రష్‌తో, గరుకు కాగితంతో వదులుగా ఉన్న తుప్పంతా తీసేయాలి. గుంటల్లో మిగిలిన పలుచటి తుప్పుకు రస్ట్ కన్వర్టర్ వాడవచ్చు. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిక్ ఆమ్లం తుప్పును స్థిరమైన నల్లటి పొరగా మారుస్తుంది. పోయిన ఇనుమును అది తిరిగి తేలేదు, పెచ్చుల మీద పూస్తే పనిచేయదు. ఆపైన ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఛాసిస్ రంగు. హార్డ్‌వేర్ దుకాణాల్లో సులువుగా దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక్కటే వేసి వదిలేస్తే నీరు దాంట్లోంచి ఇంకుతుంది, పైన మరో రంగు తప్పనిసరి. జింకు ప్రైమరు తళతళలాడే ఉక్కుకు తగిలితేనే రక్షిస్తుంది, తుప్పు మీద పూస్తే డబ్బు దండగ. మూసిన పెట్టె భాగాల లోపలికి మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్‌ను సన్నటి గొట్టంతో కొట్టించాలి.

ఈ పనిని మే నెల మధ్యాహ్నం పెట్టుకోవద్దు. కాలిపోతున్న ఇనుము మీద రంగు సరిగా పరుచుకోకముందే ఆరిపోతుంది. వానలు వెనక్కి తగ్గాక, పొద్దున్న మంచు ఆరిన తర్వాత మంచి సమయం. పొగ గొట్టం, బ్రేకులు, షాఫ్టు జాయింట్లు, సెన్సార్లు, ఛాసిస్ నంబరు కాగితంతో కప్పాలి. నీరు పోయే రంధ్రాలను కోటింగ్‌తో మూసేస్తే పెట్టె భాగం తొట్టిలా నీటిని నిలబెడుతుంది, కాబట్టి పని అయ్యాక తీగతో ప్రతి రంధ్రాన్నీ పొడిచి చూసుకోవాలి. ఛాసిస్‌లో గుంట లోతుగా ఉంటే దాని మీద రేకు ముక్క వెల్డింగ్ చేయించడం పరిష్కారం కాదు. బలమైన ఉక్కుతో చేసిన ఛాసిస్‌లో ఆ వేడికి చుట్టుపక్కల బలం తగ్గి, అతుకు పక్కనే బీటలు వారుతుంది. అలాంటి మరమ్మతు తయారీ సంస్థ చెప్పిన పద్ధతిలోనే జరగాలి. కొత్త రవాణా వాహనానికి మొదటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రెండేళ్లకే ముగుస్తుంది కాబట్టి, తనిఖీకి వెళ్లకముందే ఆ సంగతి తేల్చుకోవడం మేలు.

ఎరువుల కిరాయి దించిన రోజు బాడీని చీపురుతో ఊడ్చి, ఛాసిస్ పై అంచుల మీద చేయి పెట్టి గుళికలు తడిమి తీసేయండి. బాడీలో పరిచే షీటు సందు లేకుండా, అంచులు పైకి మడిచి ఉంటే పొటాష్ గాని మూత్రం గాని ఛాసిస్ దాకా దిగదు.